ఆరో కాపు

బల్ల మీది బుల్లి రైలుదారిలో ఎడమ పట్టా తెగింది. సుంకులమ్మ సన్న రంపాన్ని కుడి పట్టా మీద ఆనించి కోసి, ఆ సందులో ప్లాస్టిక్ ముక్క ఇరికించింది. రెండు పట్టాలూ తెగితేనే కరెంటు మండలం వేరవుతుంది. ఒకచోట షార్టయినా ఆ మండలానికి కాపుగా ఉన్న బ్రేకరు ఒక్కటే పడుతుంది. మిగతా బల్ల నడుస్తూనే ఉంటుంది.

గుంతకల్లు హాలులో ఆ బల్ల పొడవు అరవై అడుగులు. దాని మీద జానెడేసి ఛాయారైళ్లు తిరుగుతుంటాయి. బయట డ్రైవర్లు లేని అసలు రైళ్లు వాటి ప్రకారమే నడుస్తాయి. ఇక్కడ ఛాయ ఆగితే అక్కడ ఎండలో రైలూ ఆగుతుంది.

ఈ రైళ్లన్నిటినీ నడిపించే యంత్రం పేరు నియంత. అది గీసిన పటంలో మండలాలు ఆరు, కాపులు ఆరు. ఆరోది ఎక్స్‌ప్రెస్ లైనుకు. బొమ్మగుట్టకు తాగునీళ్లు మోసే లైను మాత్రం యార్డుతో కలిసి ఐదోదాంట్లో ఉంది.

శుక్రవారం కాబట్టి, పని మొదలుపెట్టే ముందే ఆమె యార్డు ఇంజనుకు చిన్న దండ వేసి దణ్ణం పెట్టుకుంది. పదకొండింటికి ఇంజను మలుపు తిరుగుతుంటే దండ జారింది. దాని జరీ దారం రెండు పట్టాల మీదా పడింది. టక్కుమని ఐదో కాపు పడిపోయింది.

పక్కన వైర్లు బిగిస్తున్న మద్దిలేటి నవ్వాడు. “యాందక్కా, దేవునికి జరీ లేకుంటే దండ సాలదా?”

“నోర్మూసుకోని పట్టకారు ఇయ్యి.”

దారం తీసేసింది. అయినా కాపు లేవలేదు. పడిన మండలానికి గంట పరిశీలన అని నియంత గొంతు చెప్పింది. తెర మీద బొమ్మగుట్టకు రెండు మైళ్ల ఇవతల నీళ్ల రైలు నిలిచిపోయి ఉంది. స్టేషన్లో బిందెలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు.

“మూడు దినాలాయె వాళ్లకు నీళ్లు లేక,” అంది సుంకులమ్మ.

ఆ దండ స్వామి అడిగాడా, తన మనసు అడిగిందా? ఆమెకు తేలలేదు. రంపం మళ్లీ తీసుకుని, నీళ్ల లైను యార్డును కలిసేచోట రెండు పట్టాలూ కోసింది. ఎక్స్‌ప్రెస్ లైనుకున్న ఆరో కాపు తీగలు ఊడదీసింది.

“ఉజ్జోగం పోతాదక్కా!”

“పోనీలే.”

వాటిని నీళ్ల లైనుకు, ఎడమ తీగ ఎడమ పట్టాకూ, కుడి తీగ కుడి పట్టాకూ చూసి మరీ బిగించింది. నీళ్ల రైలు ఛాయ కదిలింది. గుత్తి స్టేషన్లో బయల్దేరబోతున్న ఎక్స్‌ప్రెస్ అక్కడే ఉండిపోయింది.

“ఎక్స్‌ప్రెస్‌లో రెండు వందల ఎనభై మంది ఉన్నారు,” అంది నియంత. “బొమ్మగుట్టలో డెబ్బై మంది. మీ మార్పు సరికాదు.”

“వాళ్లకు ఆలీసెం. వీళ్లకు దప్పిక. రెండూ యెట్ల కలిపి కూడుతావు సామీ?”

“ఎక్స్‌ప్రెస్ ఆగినందుకు బాధ్యులెవరు?”

“సుంకులమ్మ అని రాసుకో. దండేసింది నేనే, తీగ పీకింది నేనే.”

నియంత లెక్కల్లో బాధ్యుల గడి ఒకటుంది. ఆ గడిలో ఇంతవరకూ ఏ మనిషి పేరూ పడలేదు.  

“మిగతా నాలుగు మండలాల హద్దులు కూడా తప్పుగా గీశానా?” అని అడిగింది నియంత.

“నాకేం తెలుసు సామీ,” అంది సుంకులమ్మ, పటాన్ని తన వైపుకు లాక్కుంటూ. “ఆడుండే మనుసులను అడగల్ల.”