నెమలి మెడలో మూడు గళ్ళు

పొద్దున్నే పక్కింటి రుక్మిణమ్మ మామూలుగానే అడిగింది, "మీ పాప ఏం ఉద్యోగం చేస్తాదన్నా?" అని. గోవిందస్వామి "ఏందో బొమ్మలు గీస్తాదిలేమ్మా" అని ఇడ్లీ ప్లేటుతో లోపలికి వచ్చేశాడు.

నగరిలో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మనిషికి కూతురి పని అంతుపట్టడం లేదు. మోహన పోయిన నెల ఊరగాయ సీసాకు లేబులు గీసింది. తర్వాత ఆసుపత్రి గోడకు చక్కెర జబ్బు బొమ్మలు. ఆ తర్వాత పిల్లల పుస్తకంలో తోక తెగిన బల్లి. ఆఫీసు లేదు, పైఅధికారి లేడు. ఇదేం పనో ఆ వెంకన్నకే తెలియాలి!

అందుకే తిరుపతిలో బడి నడిపే స్నేహితుడు యోగానందను అడిగి డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఖాయం చేశాడు. మోహన రెండుసార్లు వద్దంది. పది గంటలకు యోగానంద ఫోన్ చేస్తాడు. ఈలోగా ఎలాగైనా ఔననిపించాలి.

ఆమె స్నానానికి వెళ్లింది. బల్ల మీద గ్రాఫు కాగితం, దాని మీద చీర అంచుకు నెమళ్ళు. చెన్నై కంపెనీకి ఇవాళే పంపాలని నాలుగు రోజులుగా గీస్తోంది. గోవిందస్వామి వంగి చూశాడు. చెయ్యి ఊరుకోలేదు. జేబులోని ఎర్ర పెన్ను తీసి మొదటి నెమలి మెడలో మూడు గళ్ళు నింపేశాడు. నింపాక "అయ్యో" అని గట్టిగానే అనేశాడు.

"నాయనా! ఏం చేసినావు?" తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది మోహన. "నేను చేసేది నీకు పనిగానే కనపడదు. అందుకే ఆ ఉద్యోగం తెచ్చినావు, అందుకే దీనిమీద గీకేసినావు!"

"కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు ఆయన ముందరే పెట్టినావే!" అంటూ సుబ్బులమ్మ గరిటెతో వచ్చి మొగుణ్ణే తిట్టింది.

గోవిందస్వామి వేలితో చూపించాడు. "ఈడ సూడు పాపా. ఒక గడి అంటే ఒక దారం. మధ్యలో ఈ ఎర్ర గళ్ళ మాదిరి జరీని పట్టే కట్టు లేకుండా ఇన్ని గళ్ళు వదిలితే జరీ పైకి తేలిపోతాది. ఆడమనిషి నడిస్తే మెట్టెకు తగులుకొని అంచంతా పీకుతాది."

మోహన కాగితం దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టింది. నిజమే. కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తప్పు దిద్దితే ఏడుపెందుకో కూడా ఆయనకు అర్థం కాలేదు.

"ఇట్లే పంపించింటే పరువు పోయుండేది నాయనా. ఈ పని యాడ నేర్చుకున్నావని అందరూ అడుగుతారు. నేను కాలేజీ పేరు చెప్పను. అల్లరి చెయ్యకుండా మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టి, గ్రాఫు కాగితం, ఎర్ర పెన్సిలు ఇచ్చేవాడు, ఆ గళ్ళు నింపి నేర్చుకున్నానని చెప్తాను."

ఆయన ఆ సంగతే మరిచిపోయాడు. కళ్ళు నిండి కాగితం మసకబారింది.

ఫోన్ మోగింది. "ఏమప్పా, పాప వస్తాదా?" అన్నాడు యోగానంద.

"రాదప్పా. చేతినిండా పనుండాది."

"ఏం పని?"

మోహన ఎర్ర పెన్ను ఆయన వైపు జరిపింది. "ఇంకా ఏడు నెమళ్ళుండాయి, కూర్చో నాయనా."

"అది నన్నడగొద్దప్పా, నాకే సరిగ్గా తెలవదు," అంటూ గోవిందస్వామి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఫోను పెట్టెయ్. నాక్కూడా పనుండాది."