కారని పులస పెట్టె

దక్షిణామూర్తిని ఏజెంట్ మణిశంకర్ ఈ జన్మకి క్షమించడు. భార్య రమాదేవి ఊపిరితిత్తులు గట్టిపడి మంచాన పడితే, ఆవిడ మందుల బిల్లు ఆ చీఫ్ టేబుల్ మీదే మగ్గింది. బిల్లు కదలకముందే మనిషి పోయింది.

2004 ఆగస్టులో అదే టేబుల్ ముందు కొత్త అసైన్‌మెంట్.

“రాజమండ్రి ల్యాబ్‌లో మీ ఆవిడ ఊపిరితిత్తి కణాలు ఇంకా బతికే ఉన్నాయి,” అన్నాడు దక్షిణామూర్తి.

మణిశంకర్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “నాకు చెప్పకుండానా అండి?”

“ఆపరేషన్‌నాడు సంతకం పెట్టింది మీరే. రబ్బరు పొర మీద పెంచుతున్నారు. మెషిన్ ఆ పొరని సాగదీసి వదులుతుంది, ఊపిరి తీసినట్టు. ఎంత లాగితే కణం గట్టిపడుతుందో, ఏ మందుకి మెత్తబడుతుందో దాని మీదే తేలాలి. వాటి మీద విదేశీ ముఠా కన్నేసింది. లోపల మన మనిషి శ్రీసుధ ఉంది, ఢిల్లీలో పెరిగిన పిల్ల. కోడ్ వర్డ్ పులస.”

ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్లాడు. శ్రీసుధ ఎదురొచ్చింది. తెల్లకోటు కింద పట్టుచీర, చెవులకి రవ్వలు. అందమైన మనిషే.

“పులస దిగిందా అండి?”

“ఎర్రనీళ్లు వచ్చాకే,” అంది శ్రీసుధ.

అద్దం వెనక అరచేతంత చాంబర్. పొర సాగింది. ఆగింది. ముడుచుకుంది. మధ్యలో ఆ ఆగడం అతనికి తెలుసు. ఆఖరి రోజుల్లో రమ ఊపిరి అలాగే ఆగి, పక్కన కూర్చున్నవాడి ప్రాణం తోడేసి, మళ్లీ కదిలేది.

“ఒంటి వేడి తగ్గిందంటే చచ్చిపోతాయండి,” అంది శ్రీసుధ.

మర్నాడు మధ్యాహ్నానికి చాంబర్ లేదు. శ్రీసుధా లేదు.

మణిశంకర్ పోలీసుల్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి చేరేసరికి చెన్నై బండి కూత వేసింది. పార్సిల్ వ్యాను ముందు పులస పెట్టెలన్నీ ఐసునీళ్లు కారుతున్నాయి. ఒక్కదాని కింద మాత్రం సిమెంటు పొడిగా ఉంది. దాని పక్కనే శ్రీసుధ.

“పులస పెట్టె కారకుండా ఉంటుందా అమ్మా? ఢిల్లీలో పెరిగినదానివి, ఎవరూ చెప్పలేదు కాబోలు,” అన్నాడు మణిశంకర్.

ఆమె పిస్టల్ తీసింది. కూలీల వేషంలో ఉన్న పోలీసులు ఆ చెయ్యి విరిచి పట్టారు. ఆమె రెండో చేత్తో పెట్టె మూత లాగి, చాంబర్‌ని వెచ్చగా ఉంచే బ్యాటరీ పీకి, దాన్ని కదులుతున్న బండి కిందికి విసిరింది.

“తీసుకెళ్లండి. చల్లారిపోతోంది మీ ఆవిడ.”

మణిశంకర్ చాంబర్‌ని చొక్కాలోకి దోపి, గుండెకి ఆనించి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఊపిరి పీల్చాడు, వదిలాడు. తనతోపాటు ఇంకెవరో పీలుస్తున్నట్టే ఉంది. పక్క సీటు వైపు చూడలేదు.

“బతికే ఉన్నాయండి,” అన్నాడు ల్యాబ్ డాక్టరు, మైక్రోస్కోప్‌లోంచి తలెత్తి.

దక్షిణామూర్తి ఫోన్ చేశాడు. “శభాష్. మీకేం కావాలో ఫైలు పెట్టండి.”

“ఫైలెందుకండి, చిన్న మాటేగా. రమ మందులకి అమ్ముకున్న కొబ్బరితోట. ముక్కామలలో. ఎకరం పన్నెండు సెంట్లు.”