పేరు పిలిచే హేచరీ

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోపు పక్కన మూతబడిన రొయ్యపిల్లల హేచరీ ఒకటుంది. పదేళ్ళుగా దానికి మంచిపేరు లేదు. మందుల కంపు ఇంకా పోలేదని కొందరు, అక్కడ పనిచేసి చచ్చినవాళ్ళు ఇంకా పోలేదని కొందరు. ఈ వారంలో మాత్రం కొత్త మాట పుట్టింది. పొద్దుగూకితే చాలు, లోపలినుంచి ఎవరో ఆయాసపడుతున్నట్టు ఊపిరి... ఆ తర్వాత పేర్లు. ఒక్కో పేరే, తీరిగ్గా పిలుస్తుందట. పిలిపించుకున్నవాడికి ఇక మంచమేనట.

చెప్పినవాళ్ళలో చెవులారా విన్నవాళ్ళు ఎంతమందో అడక్కండి.

పోలేరయ్యకు ఆ దారి తప్పదు. రొయ్యల గుంటల దగ్గర వాచ్‌మన్. రాత్రి ఎనిమిదిన్నరకల్లా డ్యూటీలో ఉండాలి.

అసలే ఆయన మనసు మనసులో లేదు. రెండు నెలల కింద కాళ్ళు వాచి, మొహం ఉబ్బితే నెల్లూరులో ఆసుపత్రికి పోయాడు. రక్తం, మూత్రం తీసుకుని, రిపోర్టు కోసం హాల్లో కూర్చోబెట్టారు. పక్క గదిలో ఎవరినో మిషనుకు తగిలించి రక్తం కడుగుతుంటే చూశాడు. అంతే, టీ తాగొస్తానని లేచినవాడు ఆ టీ విడవలూరొచ్చి తాగాడు. రిపోర్టులో ఏముందో ఇప్పటికీ తెలియదు. భార్య వనజాక్షి అడిగితే అంతా బాగుందన్నాడు. వాపు మాత్రం తగ్గలేదు. తెలుసుకుంటే చస్తాననీ, తెలుసుకోకపోతే ఎన్నాళ్ళయినా నెట్టుకురావచ్చనీ ఆయన ధీమా.

ఆ రాత్రి కరెంటు లేదు. తోపులో గాలి హోరు... టార్చి గుడ్డివెలుగు... హేచరీ ముందుకు రాగానే వినబడింది.

హూఁ... హాఁ... హూఁ...

"పోలేరమ్మ తల్లీ" అనుకుంటూ అడుగు పెంచాడు.

"విడవలూరు పోలేరయ్యా..."

ఆడగొంతు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరి పేరుతో సహా పిలిచింది! ఊళ్ళో ఇంకో పోలేరయ్య ఉంటే బాగుండునని ఆశపడ్డాడు కూడా, పాపం.

పలకలేదు. చీకట్లో పేరుపెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదని వాళ్ళమ్మ చెప్పేది. రెండో పిలుపుకూ పలకకూడదు. దెయ్యానికి రెండుసార్లు పిలిచే శక్తే ఉంటుందట. మూడోసారి కూడా పిలిచిందంటే అది మనిషి.

"పోలేరయ్యా..."

రెండు. నోరు గట్టిగా మూసుకున్నాడు. ఇక పీడ విరగడైనట్టే—

"పోలేరయ్యా, ఉండారా లేదా?"

మూడు!

ఇప్పుడు పారిపోదామంటే అమ్మ మాట అడ్డం. మనిషి మూడుసార్లు పిలుస్తుంటే పలక్కుండా పోవడం ఏం మర్యాద? కాళ్ళు వద్దంటున్నా వెళ్ళి తలుపు తోశాడు.

లోపల... గోడ పొడుగునా సీసాలు. వెనక చిన్న చిన్న దీపాలు. పసుపు, పచ్చ, తుప్పు రంగుల్లో నీళ్ళు. నడుమ ఒక మిషను— ఆసుపత్రిలో చూసిన అదే మిషను! దాని గొట్టాల్లో నల్లటి నీళ్ళు పాకుతున్నాయి. పక్కన, రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరు చక్రం మెల్లగా తిరుగుతూ ఊపిరి తీస్తోంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. దాని వెనకనుంచి... జుట్టు విరబోసుకున్న ఒక ఆకారం లేచింది.

పోలేరయ్య కూలబడ్డాడు. కూలబడింది ఆ కుర్చీలోనే.

"అయ్యో, దాంట్లో కూర్చోకండి పెద్దాయనా! అది ఎగ్జిబిషనుది!"

దెయ్యాలు ఎగ్జిబిషన్లు పెట్టవని తట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

ఆ పిల్ల పేరు అబిగయీలు. కోవూరమ్మాయి, బొమ్మల చదువు చదివింది. వాళ్ళమ్మ మగ్దలీనమ్మ మూడేళ్ళు అలాంటి మిషను మీదే బతికి, పోయిన నెల కన్నుమూసింది. సీసాల్లోవి చుట్టుపక్కల ఊళ్ళ బోరునీళ్ళు, గుంటలు వదిలిన నీళ్ళు. ఆదివారం నుంచి జనానికి చూపించాలని వారంగా ఇక్కడే బ్యాటరీలు పెట్టుకుని అన్నీ సరిచూసుకుంటోంది.

"ఈ నీళ్ళు మనల్ని ఏం చేస్తా ఉండాయో చెప్తే ఎవరూ వినరు. చూస్తేనన్నా భయపడతారని..."

"పడినాం గదమ్మా" అన్నాడు పోలేరయ్య చెమట తుడుచుకుంటూ. "మరి నా పేరెందుకు పిలిచినావు?"

అబిగయీలు మొహం మారిపోయింది. "పోలేరయ్య... మీరేనా?" అంది గుసగుసగా. "అమ్మకు తోడు పోయినప్పుడు, ఆసుపత్రివాళ్ళనడిగి, హాల్లో మాటలు రికార్డు చేసుకున్నా. ఇక్కడ వినబడేది అదే. సిస్టరు ఈ పేరు మూడుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఆ తర్వాత కూడా రాలేదంటే చనిపోయినాడేమో పాపం అనుకున్నా. ఈ కుర్చీ ఆయన జ్ఞాపకంగానే పెట్టినా."

అంటే ఈ హేచరీలో ఉన్న దెయ్యం... తనే. పోలేరయ్యకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఆ తర్వాత... సిస్టరు ఇంకేమన్నా అనిందా?"

"అనింది. అది ఇక్కడ పెట్టలేదు, ఫోన్లో ఉంది." ఫోను ఆయన చెవికి ఆనించింది.

'యాడికి పోయినాడో ఈ మనిషి. కిడ్నీ జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది గదా. ఆ బోరునీళ్ళు మాని మందులేసుకుంటే నిలిచిపోతుంది. ముదిరినాక వస్తే మిషనే.'

పోలేరయ్య ఆ మాటలు నాలుగుసార్లు విన్నాడు. రెండు నెలలు పోగొట్టాడు. ముదిరిందో లేదో రేపు మొదటి బస్సుకు పోతేగానీ తెలియదు.

"ఇంకొక్కసారి పిలిపించమ్మా" అన్నాడు లేచి నిలబడి.

ఆమె మీట నొక్కింది.

"విడవలూరు పోలేరయ్యా..."

"ఉండా తల్లీ! వస్తా ఉండా!" గొంతు చించుకుని అరిచాడు.

సరిగ్గా అప్పుడే పాలక్యాన్లతో ఆ దారిన వచ్చాడు పెంచల్. బండి అక్కడే, పాలు ఇసకలో, పెంచల్ ఊళ్ళో! "దెయ్యం పిలిచింది, పోలేరయ్య పలికి దాంతో పోయినాడు" అని ఇంటింటికీ చెప్పాడు.

తెల్లారేసరికి వనజాక్షి గుమ్మం ముందు పరామర్శకు ఊరంతా చేరింది. పోయినాయన అప్పటికే నెల్లూరు బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుని కూర్చున్నాడు.