కదలని ముల్లు

పరుగు!

వెనక బూట్ల చప్పుడు. దగ్గరవుతోంది... ఇంకా దగ్గరవుతోంది!

మిట్టమధ్యాహ్నం. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. పెట్రోలు ట్యాంకులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఇనుప చువ్వల కట్టలు దాటుకుంటూ పరుగెత్తుతున్నాడు. ట్యాంకు బాగుందని సంతకం పెట్టనన్నాడు... అంతే, కాంట్రాక్టర్ టేబుల్ సొరుగు లాగాడు. అందులో పిస్టల్!

గేటు కుడివైపు. గేటు బయట జీపు. జీపులో ఫోన్... పెట్రోలు ఉన్న చోటికి ఫోన్ తీసుకెళ్లకూడదని రూలు.

అతను ఎడమవైపు తిరుగుతాడు.

గొయ్యి వైపు!

ఇంకో పది నిమిషాల్లో కాంక్రీటు పోసేస్తారు. ఆ తర్వాత కొత్త బంకు కోసం గోతిలో దించిన ట్యాంకు ఎవడి కంటికీ కనపడదు. పక్కనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కింది ఫ్లాటు పెద్దావిడ మూడు రోజుల కిందట ఆఫీసుకి అర్జీ పెట్టింది. బాత్‌రూమ్ తూములోంచి ఏదో వాసనొస్తోందని. డ్రైనేజీ అయ్యుంటుందని ఆఫీసంతా నవ్వి ఊరుకుంది. ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

ఐదేళ్ల కిందట అక్క కూడా ఫోన్‌లో అదే మాటంది.

"తమ్ముడూ, లాండ్రీలో ఏదో వాసనొస్తోందిరా."

"డ్రైనేజీ అయ్యుంటుందిలే అక్కా. పనిలో ఉన్నా, సాయంత్రం చేస్తా."

సాయంత్రం చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

సెల్లార్‌లో ఇస్త్రీపెట్టె స్విచ్ వేసిందట... ఒక్క నిప్పురవ్వ!

షార్ట్ సర్క్యూట్ అని రాసి ఫైలు మూసేశారు. పక్కనే ఉన్న పెట్రోలు బంకు ట్యాంకు సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టరూ ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఆ ట్యాంకు పెట్టినవాడే ఈ కాంట్రాక్టర్.

"ఆగవయ్యా!"

ఆగడు. టార్పాలిన్ ఎత్తి గోతిలోకి దూకుతాడు. మోకాలు కలుక్కుమంటుంది. పట్టపగలే చీకటి.

వాసన!

గుప్పుమని ముక్కులోకి దూరుతుంది. కళ్లు మండుతున్నాయి. అనుమతి కాగితం చేతికి రాకుండా చుక్క కూడా పోయకూడదు. పోసేశారు!

"వాసనొస్తోందిరా..." చెవి పక్కనే అక్క గొంతు.

"వచ్చానక్కా," పైకే అనేస్తాడు.

టార్పాలిన్ చిరుగులోంచి సన్నటి వెలుగు. ఆ వెలుగులో ప్రెషర్ గేజ్. ట్యాంకులో గాలి నింపి ఇరవై నాలుగు గంటలు చూడాలి. ముల్లు దిగితే ఎక్కడో కన్నం ఉన్నట్టు లెక్క.

ముల్లు ఏడు మీద ఉంది.



మూత తీసి పెట్రోలు పోశాక గాలి ఇంకెక్కడిది? ముల్లు సున్నా మీద ఉండాలి కదా! మరి ఏడు మీద ఎలా నిలబడింది?

వేళ్లు గేజ్ కింద తడుముతాయి. చిన్న కాక్, కుళాయిలా తిప్పే పిడి... మూసి ఉంది! ట్యాంకుకీ గేజ్‌కీ సంబంధమే లేదు. గేజ్‌లో చిక్కుకున్న కాస్త గాలి ముల్లుని అలా నిలబెట్టింది.

కాక్ తిప్పుతాడు.

తుస్స్...

ముల్లు సున్నాకి పడిపోతుంది!

ఐదేళ్ల కిందట ఆ బంకులోనూ ఇంతే. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. గోతిలోకి దిగి కాక్ చూసుకోవాలని రూలు. కొత్త బూట్లు. లోపల బురద. గట్టు మీదే నిలబడి సంతకం గీకేశాడు.

బూట్లు! వాటి కోసం అక్కని చంపుకున్నాడు.

టార్పాలిన్ లేస్తుంది. పైన కాంట్రాక్టర్... చేతిలో పిస్టల్! వాడి వెనక కాంక్రీటు లారీ గుర్రుమంటోంది.

"పైకొచ్చి సంతకం పెట్టు. లేదా నువ్వూ అందులోనే ఉండిపో."

"కారుతోంది."

"చుక్క కారట్లేదు! అయినా నేను మునిగితే నువ్వూ మునుగుతావ్. ఆ పాత సంతకం ఎవరిది? నీది కాదూ?"

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడతాడు.

"అయితే కాల్చు."

"ఏంటీ?"

"కారట్లేదన్నావుగా! మరి భయం దేనికి? కాల్చవయ్యా!"

పిస్టల్ నుదుటికి గురిపెట్టి ఉంది. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుంది...

ఒక్క క్షణం.

రెండు...

కాంట్రాక్టర్ ముక్కు ఎగబీలుస్తాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంజన్ ఆపరా!" గొంతు చించుకుంటాడు. "లారీ ఆపు! ఎవడూ ఏదీ వెలిగించొద్దు... పారిపోండ్రా!"

కూలీలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తారు. వాసనా లేదు గీసనా లేదు, పని చూసుకోండని మూడు రోజులుగా కసిరింది ఆ నోరే! అందరికంటే ముందు పరుగందుకున్నదీ వాడే.

ఇంజన్ ఆగుతుంది.

నిశ్శబ్దం. అక్క గొంతు వినపడుతుందేమోనని ఇన్‌స్పెక్టర్ చెవులు రిక్కిస్తాడు. వినపడదు.

గేటు దాటాకే ఫోన్ తీస్తాడు. ముందు ఫైర్ స్టేషన్. ఫ్లాట్లన్నీ వెంటనే ఖాళీ చేయించాలి.

తర్వాత పోలీసులు.

"ఫిర్యాదు ఎవరి మీదండీ?"

"ఇద్దరి మీద. ఈ ట్యాంకు గురించి, ఐదేళ్ల కిందట కారిన ఇంకో ట్యాంకు గురించి. కాంట్రాక్టర్ ఇప్పుడే పారిపోయాడు."

"రెండోవాడు?"

అతను బూట్ల వంక చూసుకుంటాడు. నిండా బురద.

"మీతోనే మాట్లాడుతున్నాడు!"