వెనక బల్ల మీది వకీలు

నాగర్‌కర్నూలులో వకీల్ బాలస్వామి ఇంట్లో ఆ పొద్దు జొన్నరొట్టె మాడింది. హన్మమ్మ చేతిలో రొట్టె మాడిందంటే వీధిలో ఎవరూ నమ్మరు. కానీ ఏం చేస్తుంది పాపం! వంటింట్లోంచి చూస్తే కనబడే తలవాకిట్లో ఆమె తమ్ముడు రామన్న నిలబడి ఉన్నాడు. జైల్లో జ్వరమొచ్చి కన్నుమూసి ఆరేళ్ళయిన రామన్న. మెడ వెనక్కి తిప్పి, ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

అతను ఎప్పుడు పడితే అప్పుడు రాడు. భర్త కొయ్యకున్న నల్ల షేర్వాణీ తీసినప్పుడు వస్తాడు, గుండీలు పెట్టుకోవడం అయ్యేదాకా ఉంటాడు. ఈ సంగతి హన్మమ్మ ఒక్కరికీ చెప్పలేదు. చెబితే మంత్రగాణ్ణి పిలుస్తారు, తమ్ముణ్ణి తరిమేస్తారు. కనబడితే భయమే. కనబడకపోతే మాత్రం ఆ పిచ్చితల్లికి ఇంకా భయం.

"అమ్మా, పొగ!" అంటూ కొడుకు వెంకటన్న వచ్చి పెనం దించాడు. అతను హైదరాబాదులో లా చదివి, మొదటి దర్జా వకీలు సనదు పత్రం చేతబట్టుకుని వచ్చి పది రోజులైంది. మొన్న సంక్రాంతి పోయాక ఇరవై మూడు నిండాయి. అమ్రాబాదు మనిషి ఒకడు కత్తిపోటు కేసులో ఇరుక్కున్నాడు. అతని తరఫున మర్నాడు జిల్లా కచేరీలో, అంటే పెద్ద కోర్టులో, నిలబడాలి. అదే మొదటి కేసు. పది గంటల బస్సుకు బయలుదేరాలని కొత్త షేర్వాణీ వేసుకుని తయారయ్యాడు.

"బొట్టు పెట్టి పంపవే. బస్సు పోతది" అని తల్లి కాళ్ళకు వంగాడు.

హన్మమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నేను పెట్ట."

"అదేందే? ఏమైంది?"

"ఈ ఇంట్ల ఒక్క వకీలు చాలు. సొంతోడు చచ్చిపోతుంటే నోరు మూసుకొని కూసునే చదువు నా కొడుక్కొద్దు."

మాట వంటింట్లోంచి వెళ్ళి నేరుగా అరుగు మీదున్న బాలస్వామికి తగిలింది. గుండీ మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పిల్లగాడు మంచికి పోతుండు, ఇప్పుడెందుకే ఆ ముచ్చట?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడవలసిన దినం మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడితే నేను వినను."

ఎనిమిదేళ్ళ కిందటి మాట అది. హన్మమ్మ పుట్టింటి ఊళ్ళో, చేను గట్టు మీద ఒక మనిషి గొడ్డలి దెబ్బకు చచ్చాడు. అతనికీ రామన్నకూ ముందు రోజే గట్టు తగాదా. ఇంకేముంది, రామన్నను పట్టుకుపోయారు. పుట్టింటివాళ్ళు ఎవరూ పెద్దగా బెంబేలు పడలేదు. అల్లుడు వకీలు కదా! రామన్న అయితే బేడీలతోనే నవ్వుతూ "మా బావ ఉండంగ నాకేంది?" అన్నాడట. తీరా జిల్లా కచేరీలో కేసు నడిచిననాడు ఎవరో ముక్కూమొహం తెలియని వకీలు లేచి, నాలుగు ముక్కలు ఉర్దూలో చదివి కూర్చున్నాడు. బాలస్వామి వెనక బల్ల మీద, గోడకు ఆనుకుని, పెదవి విప్పకుండా కూర్చున్నాడు. బోనులో నిలబడ్డ రామన్న మెడ తిప్పి తిప్పి ఆ బల్ల వైపే చూశాడు. తలుపు దగ్గర నిలబడి హన్మమ్మ ఇద్దరినీ చూసింది. జన్మఖైదు పడింది. పెళ్ళినాటి ఏదో మాట పట్టింపు మనసులో ఉంచుకుని మొగుడు తన తమ్ముణ్ణి కావాలనే వదిలేశాడని ఆమె ఆనాడే నమ్మేసింది. అప్పుడు పట్నంలో చదువుకుంటున్న కొడుక్కి మాత్రం మామకు శిక్ష పడిందనే తెలుసు.

వెంకటన్న ఇద్దరి మొహాలూ చూశాడు.

"అమ్మా, నాయిన ఆ కచేరీల ఎట్ల మాట్లాడుతడే? నాయినది సోయం దర్జా గద!"

"అంటే ఏంది?"

"వెంకటీ, వద్దురా" అన్నాడు బాలస్వామి. ఆ గొంతు హన్మమ్మ ఎన్నడూ విన్నది కాదు. బతిమాలుతున్నాడు.

"వద్దా? నాకు తెల్వద్దా? చెప్పురా నువ్వు!"

వెంకటన్న పొయ్యి పక్కనే చతికిలబడ్డాడు.

"వకీళ్ళంత ఒక్కటి కాదమ్మా. కచేరి పంచన కూసొని అర్జీలు రాసెటోడు ఉంటడు గద, వాడు రాయొచ్చు, లోపల నోరు తెరవొద్దు. సోయం అంటే మూడో దర్జా. చిన్న ఇమ్తెహాన్ రాసి పాసయితే ఇస్తరు. ఈడ మున్సబు కచేరీలనే మాట్లాడాలె. ఖూనీ కేసులు నడిచే పెద్ద కచేరీల లేస్తే జడ్జి బయటికి పంపుతడు. దానికి పెద్ద దర్జా సనదు గావాలె. నాయిన నోరు మూసుకోలే. ఆయనకు అక్కడ నోరే లేదు."

పొయ్యిలో కట్టె కాలి కింద పడింది. హన్మమ్మ లేచి అరుగు మీదికి వచ్చింది.

"నిజమేనా?"

బాలస్వామి తల వంచుకున్నాడు.

"మరి ఎందుకు చెప్పలే? ఎనిమిదేండ్లు నేను నిన్ను తిట్టుకుంట బతికిన. ఒక్క మాట చెప్పకపోతివి!"

"ఏమని చెప్పాలె? పెండ్లినాడు మీ నాయిన ఊరంత తిరిగి నా అల్లుడు వకీలు, వకీలు అన్నడు. నేను చిన్న వకీలునని ఎట్ల చెప్త? నువ్వు నన్ను చెడ్డోడు అనుకుంటే ఓర్చుకున్న. చేతగానోడు అనుకుంటే ఓర్చుకోలేకపోతుంటి."

"మరి కేసప్పుడన్న..."

"ఈడి కచేరీలనే ఇడిపిస్త అనుకున్న. ఇడిపించలేకపోయిన. నా మాట వినలే, పెద్ద కచేరీల చెప్పుకోమని కేసు పైకి పంపిన్రు. అప్పటిదాక నేనున్న నేనున్న అని అందరికి చెప్పిన, ఇంకొకరిని చూడనియ్యలే. చివరికి ఒక్క రోజు ముందల పోయి ఆ పెద్ద వకీలును మాట్లాడిన. ఆయన కేసునాడు పొద్దుగాల్నే మొదటిసారి రామన్న మొహం చూసిండు. పగటియాళ్ల నేను పోయి, సాబ్, ఒక్క సంగతి వినుండ్రి అన్న. 'సోయం దర్జావాడివి, నాకు నేర్పుతవా, పోయి కూసో' అన్నడు, అందరి ముందల. పోయి కూసున్న."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేకపోయాడు.

"రామన్నకు నేనే చెప్పిన. కచేరీల నువ్వు నోరు తెరవకు, ఏమన్న తప్పు మాట వస్తే కేసు పోతది, అన్ని నేను చెప్త అని. జడ్జి అడిగితే గూడ వాడు చెప్పలే. నా దిక్కు చూసిండు. హన్మీ, వాడు నా దిక్కు చూసిండే."

హన్మమ్మకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో, షేర్వాణీ రొమ్ము పట్టుకుని గుంజింది.

"నువ్వు చిన్న వకీలువంటే నేను బువ్వ పెట్టకపోతుంటినా? పక్కకు రాకపోతుంటినా? నా మెడల పుస్తె తాకట్టు పెట్టి పెద్ద వకీలును నెల రోజుల ముందే తెస్తుంటిని గదయ్యా! నీ ఇజ్జత్ కోసం నా తమ్మున్ని తిన్నవ్ గదయ్యా!"

గుండీ ఒకటి తెగి అరుగు కింద పడింది. బాలస్వామి ఆపలేదు. వెంకటన్న వచ్చి తల్లి భుజాలు పట్టుకున్నాడు. ఆమె రొప్పుతూ గోడకు చేరగిలబడింది. బయట బస్సు హారను వినబడింది, కాసేపాగి మళ్ళీ వినబడింది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

హన్మమ్మే అడిగింది.

"ఆ దినం నిన్ను లేవనిస్తే ఏం చెప్తుంటివి?"

"ఇప్పుడెందుకు..."

"చెప్పు. నేను వినాలె. లేచి చెప్పు."

బాలస్వామి లేచాడు. అలవాటు కొద్దీ ఉర్దూలో ఎత్తుకోబోతే "తెలుగుల చెప్పు" అంది. గొంతు సవరించుకున్నాడు. కాగితం అక్కర్లేకపోయింది. ఎనిమిదేళ్ళుగా లోపల తిరుగుతున్న మాటలవి.

"జడ్జి సాబ్, చచ్చిన మనిషి ఎడమ చెంప మీద దెబ్బ ఉన్నది. ఎదురుంగ నిలబడి కుడిచేత్తో కొట్టిన దెబ్బ. ఈ రామన్నకు పన్నెండేండ్లప్పుడు కుడిచెయ్యి చెరుకు గానుగల పడ్డది. మూడు వేళ్ళు వంగవు. నాగలి గూడ ఎడమచేత్తోనే పట్టుకుంటడు. గొడ్డలి పిడి కాదు, చెంబు గూడ ఆ చేతిల నిలవదు. ఊరంతటికి ఎరుకే. పోలీసులు అడగలే, ఎవరు చెప్పలే. ఒక్కసారి ఆ చెయ్యి చూడుండ్రి. చూసి, ఇడిచిపెట్టుండ్రి."

చెప్పి, రెండు చేతులూ జోడించాడు. తీర్పు చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

హన్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"నాకు తెలుసు గదయ్యా! ఆ వేళ్ళు మానేదాక ఆర్నెల్లు వానికి బువ్వ తినిపించింది నేను! ఆ దినం తలుపు కాడ నిలబడ్డ నేను గూడ ఒక్క మాట అనలే. నాకేం తెలుసు, నువ్వున్నవ్ గద అనుకున్న. అమ్మ అట్లనే అనుకున్నది. అందరం అట్లనే అనుకుంటిమి."

ఎనిమిదేళ్ళు ఒక్క మనిషి నెత్తిన వేసి మోయించిన బరువులో తన పాలు ఎంతో ఆమెకు అప్పుడు తెలిసింది. ఏడ్చి ఏడ్చి, కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు పో బిడ్డా. ఈ బస్సు పోతే ఏదన్న బండి పట్టుకొని పో. ఇయ్యాల్నే ఆ అమ్రాబాదాయన కాడ కూసో. ఆయన పెండ్లాన్ని అడుగు, అక్కచెల్లెండ్లను అడుగు. మాకేం తెల్వదు, వకీలున్నడు అంటరు. అయినా అడుగు. చెప్పేదాక లేవకు."

వెంకటన్న కళ్ళు తుడుచుకుని, ఇద్దరి కాళ్ళకూ మొక్కి వెళ్ళాడు.

బాలస్వామి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. జోడించిన చేతులు విప్పాలని కూడా తోచినట్టు లేదు. తలవాకిట్లో రామన్న ఇప్పుడు లేడు. హన్మమ్మ భర్త దగ్గరకు వెళ్ళి, ఆ చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"చెప్పినవ్ గద" అంది. "ఇగ కూసో."