పదిహేడో నంబరు పుల్ల

లెక్కల టీచర్ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక పుల్ల తీశారు. పదకొండో నంబరు వచ్చింది. ఆ అబ్బాయి లేచి జవాబు చెబుతున్నాడు. మూడో బెంచీలో కూర్చున్న చిటికె మాత్రం తన బ్యాగు జేబును గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ జేబులో ఇంకో పుల్ల ఉంది.

ఏ పనైనా చిటికెలో చేసేస్తుందని ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. బడిలోనూ అదే స్థిరపడిపోయింది. తొందరపడి చేసిన పని ఒక్కోసారి తలకిందులవుతుందని మాత్రం పేరు పెట్టినవాళ్లు చెప్పలేదు.

టీచర్ కొత్తగా వచ్చి మూడు వారాలైంది. మొహాలు ఇంకా గుర్తుండవు. అందుకని ముప్ఫై రెండు ఐస్‌క్రీమ్ పుల్లల మీద పిల్లల నంబర్లు రాశారు. ఎవరి పుల్ల వస్తే వాళ్లే జవాబు చెప్పాలి. వాళ్లు ఆలోచించుకునేదాకా మిగతావాళ్లు చెయ్యెత్తకూడదు, నోరు మెదపకూడదు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో టీచర్ నోటుబుక్కులో గుర్తు పెట్టుకునేవారు. ఎవరికి ఏ పాఠం మళ్లీ చెప్పాలో దాన్నిబట్టే తేల్చేవారు. డబ్బా చూసుకునే పని చిటికెది.

పదిహేడో నంబరు అమ్మాయితోనే చిక్కొచ్చింది. వెనక బెంచీలో, వెలగని ట్యూబులైటు కింద ఒక్కతే కూర్చుంటుంది. తన పుల్ల వచ్చిన రోజు లేచి నిలబడి అలా చూస్తూనే ఉంది. టీచర్ కూడా నింపాదిగా ఎదురుచూశారు. ఈలోగా ఆటల పీరియడ్ బెల్లు మోగింది. జవాబు రాకుండానే ఐదు నిమిషాల ఆట పోయింది.

మర్నాడు చిటికె ఆ పుల్లను డబ్బాలోంచి తీసేసింది. పాపం, ఆ పిల్లకీ నిలబడే బాధ తప్పుతుందిగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజు నుంచి ఏదో తేడాగా అనిపించసాగింది.

నోటుబుక్కులు పంచే అబ్బాయి వెనక బెంచీ దాకా వెళ్లి, అక్కడెవరూ లేనట్టు తిరిగొచ్చాడు. చేతిలో మిగిలిన ఒక్క పుస్తకాన్నీ టీచర్ బల్ల మీద పడేశాడు. మంచినీళ్ల కుళాయి దగ్గర పదిహేడో నంబరు అమ్మాయి వరుసలోనే నిలబడి ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఆమెను దాటుకుని నీళ్లు పట్టుకుపోయారు. మర్నాడు ఒకమ్మాయి తన బ్యాగు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టబోయి ఉలిక్కిపడింది. బెంచీ ఖాళీ అనుకుందట.

ఆరో రోజు చిటికె వెనక్కి తిరిగి చూసింది. బెంచీలో ఎవరూ లేరు. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అమ్మాయి అక్కడే ఉంది, నీడలో, గోడకు ఆనుకుని, కదలకుండా. చిటికె చటుక్కున ముందుకు తిరిగింది. ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.

ఇంటికి నడుస్తుంటే వెనక టక్, టక్ అని చప్పుడు. ఆగితే ఆగింది. నడిస్తే మళ్లీ మొదలైంది. జేబులో పుల్ల కంపాస్ బాక్సుకు కొట్టుకుంటోందని తెలుసు. తెలిసి కూడా పరుగందుకుంది.

నాన్న బస్సు కండక్టరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్నాడు. మొహం అలా పాలిపోయిందేమని అడిగాడు. చిటికె అసలు సంగతి చెప్పలేదు. మనిషి ఎదురుగా ఉన్నా కనపడకపోవడం ఉంటుందా అని అడిగింది.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. ఒకసారి ఆయన డిపోలో బస్సుకు తాళం వేసి వచ్చేశాడట. వెనక సీట్లో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. గంట తర్వాత లోపల్నుంచి ఎవరో అద్దం కొడుతుంటే వాచ్‌మన్ విని తలుపు తీశాడట.

"ఆయన నన్ను తిట్టలేదమ్మా. 'నాకు అలవాటే బాబూ' అన్నాడు. తిట్టినా బాగుండేది" అన్నాడు నాన్న.

మర్నాడు చిటికె డబ్బా తీసుకెళ్లేసరికి టీచర్ నోటుబుక్కు తెరిచి ఉంది. మిగతా అన్ని నంబర్ల ఎదురుగా గుర్తులున్నాయి. పదిహేడు ఎదురుగా ఒక్కటీ లేదు. టీచర్ ఆ వరుస మీద పెన్సిల్ ఆనించారు.

"పాఠం మళ్లీ చెప్పాల్సినవాళ్ల జాబితా రాస్తున్నా. ఈ పిల్ల మొదట్లో ఒకసారి లేచినట్టు గుర్తు. బెల్లు కొట్టడంతో ఏమీ రాసుకోలేదు. తర్వాత కనపడలేదు. బడి మానేసిందా? కొట్టేయనా?"

చిటికె వెనక్కి చూసింది. పదిహేడో నంబరు అమ్మాయి అక్కడే కూర్చుని తననే చూస్తోంది. చిటికెకు ఏడుపు ముంచుకొచ్చింది. భుజాన ఉన్న బ్యాగు జేబులోంచి పుల్ల తీసి బల్ల మీద పెట్టింది.

"మానెయ్యలేదు టీచర్. నేనే తీసేశాను. ఆటకు ఆలస్యమవుతోందని."

టీచర్ కోప్పడ్డారు, గట్టిగానే. తర్వాత పుల్లను చిటికెకే ఇచ్చి డబ్బాలో వెయ్యమన్నారు.

ఆ రోజు నాలుగో పుల్ల పదిహేడు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా, ఎందుకు? అదీ ప్రశ్న. వెనక బెంచీ కిర్రుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చిటికెకు జవాబు నోటి దాకా వచ్చింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మనసులో అంకెలు లెక్కపెట్టింది. పది. ఇరవై. ముప్ఫై.

"నాకు అర్థం కాలేదు టీచర్" అంది ఒక గొంతు. సన్నగా, కాస్త బొంగురుగా ఉంది. "మూడు కన్నా నాలుగు పెద్దది కదా. మరి నాలుగో వంతు చిన్నదెలా అయింది? ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒకరు, కిటికీ దగ్గర ఇద్దరు తమకూ తెలీదన్నారు. చిటికె ఆలోచనలో పడింది. మూడో వంతే పెద్దదని తనకు కంఠతా వచ్చు. ఎందుకని అడిగితే మాత్రం చెప్పడం రాదు. ఇన్నాళ్లూ ఆ సంగతి తనకే తెలియదు.

టీచర్ ఒక కాగితం తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టారు. ఇంతలో ఆటల బెల్లు మోగింది. సగం తరగతి తలుపు వైపు చూసింది. చిటికె నోటుబుక్కు పట్టుకుని లేచింది. వెనక బెంచీకి వెళ్లి, కాస్త జరగమని చెప్పి, పదిహేడో నంబరు అమ్మాయి పక్కన కూర్చుంది.

"నాక్కూడా అర్థం కాలేదు టీచర్. మొదట్నుంచి చెప్పండి" అంది.