సచిన్ ప్లాంటులో దొంగ బోర్డు

2021 ఏప్రిల్. సూరత్ శివారులోని ఉన్ దగ్గర కాలువలో శవం దొరికితే సూరత్ దాన్ని కోవిడ్ ఖాతాలో వేసేసింది. మెడ మీది సూది గుర్తును ఢిల్లీ ఒక్కటే పట్టించుకుంది. చనిపోయింది ఏజెంట్ పరమేశ్వర్.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. సూరత్ పక్కనే సచిన్ పారిశ్రామికవాడలోని ఆక్సిజన్ ప్లాంటును పేల్చాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. అది పోతే నగరంలో సగం ఆసుపత్రులకు ఊపిరి ఆగుతుంది. లోపల డిపార్ట్‌మెంటు మనిషి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మధులత. కోడ్ వర్డ్ ‘జరీ’.

మర్నాడు మధ్యాహ్నం ఏజెంట్ వంశీధర్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. గేటు దగ్గర మధులత కోడ్ చెప్పింది. కాటుక కళ్ళు, పట్టు మాస్కు. ట్యాంకు ఆపరేటర్ రాజలింగం సిరిసిల్లవాడు. లాక్‌డౌన్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాక ఇక్కడ చేరాడు.

“తెర మీద ప్రెషర్ పన్నెండే ఉన్నది సార్. కానీ ట్యాంకు మూలుగుతున్నది. ఎవ్వలు ఇంటలేరు.”

వంశీధర్ క్యాబినెట్ తెరిచాడు. సెన్సర్ వైరుకూ కంట్రోల్ రూముకూ మధ్య అరచేతంత కంప్యూటర్ బోర్డు, కాలేజీ పిల్లలు సరదాకి కొనే రకం. అసలు ప్రెషర్ ఎంతున్నా తెరకు పన్నెండే పంపుతోంది. అతని సంచిలోనూ అలాంటి బోర్డే ఉంది. అయితే సెన్సర్ వోల్టేజీని నేరుగా చదవడం దానికి చేతకాదు. అందుకే వోల్టేజీని అంకెలుగా మార్చే, ల్యాబ్‌లో వాడే డేటా అక్విజిషన్ బాక్స్ తెచ్చాడు. సెన్సర్ వైరు బాక్సుకు, బాక్సు యూఎస్‌బీతో బోర్డుకు కలిపాడు. ఫోన్‌లో అంకె వెలిగింది.

పద్దెనిమిదిన్నర. ట్యాంకు తట్టుకునేది పంతొమ్మిది.

“పరమేశ్వర్ కూడా ఇక్కడిదాకా వచ్చాడు,” అంది వెనక మధులత.

ఆమె చేతిలోని సూది తన మెడకు తగలబోతుండగా వంశీధర్ ఆమె మణికట్టు పట్టాడు. ప్రెషర్ పెరిగితే తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వ్‌ను బిగించేసింది తానేనని ఆమె కళ్ళే చెప్పాయి.

“రాజలింగం, వెంట్ తిప్పు!”

గ్యాస్‌ను బయటికి వదిలే వెంట్ చక్రం మంచు పట్టి తెల్లబడి ఉంది. గ్లవ్స్ కోసం పరుగెత్తే వ్యవధి లేదు. రాజలింగం వట్టి చేతులతోనే పట్టాడు. చర్మం ఇనుముకు అతుక్కుంది. అయినా తిప్పుతూనే ఉన్నాడు. పద్దెనిమిది పాయింట్ తొమ్మిది దగ్గర తెల్లటి ఆవిరి బుస్సుమంటూ పైకి లేచింది. అంకె దిగింది. పెనుగులాటలో సూది మధులత అరచేతిలోనే దిగింది. ఆమె ఇక లేవలేదు.

రాజలింగానికి నాలుగు వేళ్ళు తీసేశారు. మళ్ళీ పోగు ముడి వేయలేడు.

వారం తర్వాత వంశీధర్ ఆసుపత్రికి వెళ్ళాడు. రికార్డుల ప్రకారం ఆ రోజు ప్లాంటులో ఏమీ జరగలేదు. రాజలింగం మంచం మీద ఒక కవరు ఉంది.

“జర చదివి పెట్టుండ్రి సార్. చేతులతోని పట్టుకోవస్తలేదు.”

సేఫ్టీ ఆఫీసరు మెమో. గ్లవ్స్ లేకుండా వాల్వ్ ముట్టుకున్నందుకు సంజాయిషీ, స్వహస్తాలతో రాసి ఇవ్వాలట.